ఎవరి బట్టలు వారే: కళాశాలకు పోకముందు నేర్పవలసిన పాఠము

షోలాపురములోని మన పిల్లలు పదవ తరగతియో, పన్నెండవ తరగతియో ముగించి పుణెకును, ముంబయికిని, హైదరాబాదునకును పైచదువులకై తరలిపోవుట ఏటేట చూచుచున్నదే. ఆ ప్రయాణమునకు తల్లిదండ్రులు చేయు సన్నాహము తక్కువది కాదు. కొత్త పెట్టె, కొత్త చొక్కాలు, పచ్చళ్ల సీసాలు, పల్లీల పొడి, మన ఊరి చద్దరు, మన ఊరి తువాలు అన్నియు సమకూర్తురు. ఆ చద్దరు మాసినప్పుడు ఏమి చేయవలయునో మాత్రము చెప్పువారు అరుదు. చెప్పినను, బండి కదలబోవు వేళ కిటికీకడ నిలిచి చెప్పుదురు. రంగుబట్టలు వేరుగా తడుపుము నాయనా అను తల్లి మాటను రైలు కూత మింగివేయును.

ఈ వ్యాసమున చెప్పదలచినది ఒక్కటే. బట్టలుతుకుట ఒక్కనాటిలో చెప్పి ముగింపదగిన చిట్కా కాదు. బట్టను, నీటిని, సబ్బును, ఎండను ఎరిగి, వారమువారము చేతితో చేసిననే పట్టుబడు విద్య అది. కావున ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులనుండియే, ఆడపిల్ల, మగపిల్లవాడు అను భేదము లేక, ఆ పనిని పిల్లలకు అప్పగింపవలయును. సాయము చేయుమనుట వేరు, అప్పగించుట వేరు.

నేర్పకపోయిన నష్టమేమి అని అడుగువారు కలరు. మొదటి వారము పిల్లవాడు పెట్టెలోని బట్టలన్నియు ఒక్కొక్కటిగా తొడుగును. రెండవ వారమునకు మంచము క్రింద కుప్ప పడును. మూడవ వారము ఆ కుప్పలో తక్కువ మాసినదేదో వాసన చూచి ఏరుకొనును. నాలుగవ వారము అది అంతయు ఒక సంచిలో నిండి, రైలెక్కి, సెలవుదినమున తల్లియొద్దకు వచ్చును. చదువుకొను బిడ్డ, అలసి వచ్చినాడు, పోనిమ్మని తల్లి ఆ సంచి విప్పును. మన ఇండ్లలో ఎందరు తల్లులు పగలెల్ల బీడీలు చుట్టుచున్నారో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. వేయి బీడీలకు ఇంతయని కూలి. ఆ తల్లి ఉతుకుబండకడ గడపిన గంట ఆ కూలినుండియైనను తరుగవలయును, ఆమె నిద్రనుండియైనను తరుగవలయును. మూడవ దారి లేదు. పిల్లల బట్టలు ఖర్చులేకుండ శుభ్రపడుచున్నవని మనమనుకొనుట, ఆ గంటను ఎవరును లెక్క వ్రాయకపోవుటచేతనే.

ఆడపిల్లకు ఈ పనిని ప్రత్యేకముగ నేర్పువారు లేరు. పదేండ్లు వచ్చునప్పటికే ఆమె తల్లి ప్రక్క కూర్చుండి జాడించుచుండును. అదే ఇంట మగపిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండినను తన చేతిరుమాలు తాను పిండుకొనుట తెలియదు. నేత యిండ్లలో ఈ భేదము మిక్కిలి వింతగ తోచును. పడుగునకు గంజిపెట్టునాడు ఇంటిల్లిపాదియు చేయి వేసెడివారు. కండెలు చుట్టుట తక్కువ పనియని మగవారెవరును అనలేదు. నూలుపోగును తాకిన చేతికి, ఆ నూలు బట్టయై, మాసిన పిదప తాకుట నామోషీ ఎట్లగును?

ఈ నామోషీకి మూలము వేరొకచోట నున్నది. తరతరములుగ ఊరి మైలనంతయు ఒక కులముమీదను, ఇంటి మైలనంతయు స్త్రీలమీదను మోపి, మోపినవారే ఆ పనిని చిన్నచూపు చూచిరి. రజకులు చవుటిమట్టితో ఉబ్బవేసి, ఏ గుడ్డకు ఎంత ఆవిరి తగునో, ఏది బండ దెబ్బకు తాళునో తెలిసి, పెక్కిండ్ల బట్టలను గుర్తు తప్పక ఎవరివి వారికి చేర్చెడివారు. అది విద్య కాదందుమా? మనమున్న ఈ మహారాష్ట్రమున ఆ వృత్తికులమునందే జన్మించిన గాడ్గే మహారాజు (1876–1956) ఊరూర చీపురు పట్టి వీధులూడ్చి, రాత్రి కీర్తన చేసెడివారు. ఆయన పేరిట రాష్ట్రప్రభుత్వము 2000-01లో గ్రామ స్వచ్ఛతా కార్యక్రమమును ఆరంభించినది. పటము గోడకు తగిలించుట సులభము. చీపురు మాత్రము ఎవరో ఒకరు పట్టవలయును గదా.

గాంధీమహాత్ముని ఆత్మకథలో ఉతుకుటను గూర్చిన ప్రకరణమొకటి కలదు. దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా నుండగా చాకలిఖర్చు మితిమీరుటచే, ఆయన ఆ విద్యను బోధించు పుస్తకమొకటి కొని చదివి, తాను నేర్చుకొని, కస్తూరిబాకును నేర్పెను. తొలిసారి తాను ఉతికి గంజిపెట్టిన కాలరును తొడుగుకొని కోర్టుకు పోగా, గంజి ఎక్కువైనది, ఇస్త్రీపెట్టె చాలినంత వేడి లేదు, కాలిపోవునేమోయను భయమున గట్టిగ అదుమలేదు. కాలరునుండి గంజి రాలుచుండెను. తోడి న్యాయవాదులు నవ్విరి. ఆయన పని మానలేదు. 1912లో గోపాలకృష్ణ గోఖలే అచటికి వచ్చినప్పుడు, మహాదేవ గోవింద రనడే తనకు కానుకగ నిచ్చిన ఉత్తరీయమును జోహాన్నెస్‌బర్గు విందులో ధరింపగోరెను, అది నలిగియుండెను. ఇస్త్రీ నేను చేసెదనని గాంధీ అనగా, వకీలుగ నమ్ముదును గాని చాకలిగ ఎట్లు నమ్మగలనని గోఖలే సందేహించెను. తుదకు ఇచ్చి, పని చూచి మెచ్చెను. ఉత్తరీయపు కథ పిల్లలకు నచ్చును. తల్లిదండ్రులు తలచుకొనవలసినది కాలరు సంగతి. మొదటి ఉతుకు చెడును. చెడనిండు.

ఇక పని సంగతి. ముందు నీరు. మన ప్రాంతపు బోరునీటిలో చాలచోట్ల సబ్బు నురుగు రాకుండుట పిల్లలెరిగినదే. నీటిలో కరగియున్న కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసి, కరగని తెట్టెగ మారును. ఆ తెట్టె పోగులలో చిక్కుకొని తెల్లచొక్కాకు బూడిదవన్నె తెచ్చును. అప్పుడు మరింత సబ్బు రుద్దుట మందు కాదు, వ్యాధిని పెంచుట. డిటర్జెంటు పొడికి ఈ చిక్కు తక్కువ. నీలిమందు పెట్టిన తెలుపు వచ్చినదనుకొందురు గాని, అది మురికిని పోగొట్టదు. పసుపువన్నెను కంటికి మరుగుపరచును, అంతియే.

పిదప మరక. పసుపు మరకమీద సబ్బు రుద్దగనే అది ఎర్రబడును. తెలియని పిల్లలు బట్ట పాడయ్యెనని బెదరుదురు. సబ్బునీరు క్షారము; పసుపులోని రంగు క్షారము తగిలిన ఎర్రనగును, బాగుగ జాడించిన మరల పచ్చనగును. దానిని తుదకు పోగొట్టునది సబ్బుకన్న ఎండ. తడి చేసి రెండుమూడు దినములు ఎండవేసిన వెలిసిపోవును. ఆమ్లక్షార సూచికలను పుస్తకములో వల్లించు పిల్లవాడు ఒక్కసారి ఇంటి దండెముమీద దీనిని చూచిన, ఆ పాఠమును మరల చదువనక్కరలేదు. రక్తపు మరకకు చన్నీళ్లే తగినవి. వేడినీరు పోసినచో రక్తములోని మాంసకృత్తు, ఉడికిన గ్రుడ్డు తెల్లసొనవలె గడ్డకట్టి పోగును పట్టుకొనును. ఎదిగిన ఆడపిల్లలకు ఇది ప్రతినెల అక్కరపడు జ్ఞానము. నెలసరి గుడ్డలను చన్నీళ్లలో జాడించి, సబ్బుతో ఉతికి, చాటుమూలలలో గాక, మంచి ఎండలో పూర్తిగ ఆరవేయవలయునని తల్లులు బిడియము విడిచి చెప్పవలయును. చీకటిలో సగము ఆరిన గుడ్డ రోగమునకు తావిచ్చును.

బట్టనుబట్టి పద్ధతి మారును. నూలు తడిసినప్పుడు బలపడును, రేయాను తడిసినప్పుడు బలహీనపడును. అందుచేత నూలు దుప్పటి బండ దెబ్బకు తాళును. రేయాను కుర్తాను మెలిపెట్టి పిండిన సాగిపోవును. పట్టును, ఉన్నియు మాంసకృత్తులతో నేర్పడినవి. మరకలను కరగించుటకై నేటి పొడులలో కలుపు ఎంజైములలో కొన్ని మాంసకృత్తులను విరిచివేయునవి. అవి మరకకును పట్టునకును భేదమెరుగవు. పట్టుచీరకు కుంకుడురసము పెట్టిన మన అవ్వలకు ఎంజైముల పేరు తెలియకపోయినను పని తెలియును. కొత్త నూలుబట్ట బిరుసుగ నుండుటకు కారణము నేతకుముందు పడుగునకు పట్టించిన గంజి. మొదటిసారి వట్టి నీటిలో నానవేసి జాడించిన అది దిగిపోవును. ముదురురంగు కొత్తబట్టకు లోపలి కుట్టుకడ తడి తెల్లగుడ్డతో రుద్ది చూడవలయును. గుడ్డకు రంగు అంటిన, ఆ బట్టకు వేరు బొక్కెన. మన ఊరి తువాళ్ల సంగతి మనకే తెలియవలయును గాని, వానిని మెత్తపరచు ద్రవములో ముంచి, నీరు పీల్చుట లేదని నేసినవానిని నిందించువారున్నారు. ఆ ద్రవము పోగులమీద పూతగ నిలిచి పీల్చుగుణమును తగ్గించును. తువాలులో ఉచ్చు లేచిన కత్తెరతో కత్తిరింపవలయును, లాగరాదు.

బడిచొక్కా కాలరే మంచి తొలిపాఠము. అచటి మురికి ఒంటి జిడ్డు, దుమ్ము కలిసినది. తడిపి, సబ్బు పట్టించి, పావుగంట విడిచి, అరచేతులమధ్య నలిపిన చాలును. బిరుసు కుంచెతో గీకిన మురికికన్న ముందు కాలరు పోవును. అరగంటకు మించి నానవేయుటచే లాభము లేదు. రాత్రియంతయు నానిన బట్ట వాసన పట్టును, రంగు విడుచును. జాడించుటలో మాత్రము పిసినారితనము కూడదు. బట్టలో మిగిలిన సబ్బే చాలమందికి దురదకు మూలము. నీటి కరువెరిగిన ఊరివారము గనుక, చివర జాడించిన నీటిని మరునాటి నానుడుకును, మురికినీటిని వాకిలి కడుగుటకును వాడుట మన పిల్లలకు వేరుగ నేర్పనక్కరలేదు.

ఇందులోనెల్ల ముఖ్యమైనది ఆరవేయుట. దీనినే మనము చిన్నచూపు చూతుము. కారణము మన ఊరి ఎండ. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండలో తడిబట్ట ఎంతలో ఎండునో చెప్పనక్కరలేదు. వర్షచ్ఛాయలో పెరిగిన మన పిల్లలు కళాశాలలో చేరునది సరిగ వానకాలమునందే. ఏటికి 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియు ముంబయిలో, ఆ వానలో అత్యధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకు పడుచుండగా, హాస్టలు వరండాలోని బట్ట రెండు దినములకును ఆరదు. ఆరలేదని తెలిసియు తొందరలో తొడుగుకొని తరగతికి పోవుదురు. తామర అచటనే మొదలగును. అది బూజుజాతి రోగము. చెమ్మ, వేడిమి, బిగుతు దానికి ప్రాణము. ఇటీవలి సంవత్సరములలో మన దేశమున తామర మొండిపడి ప్రబలుట చర్మవైద్యులను కలవరపెట్టుచున్నది. పిల్లలు సిగ్గుపడి ఇంటికి చెప్పరు. మందులకొట్టులో అడిగి, స్టెరాయిడు కలిసిన లేపనము కొని పూసికొందురు. దురద తాత్కాలికముగ తగ్గును, రోగము లోలోపల ప్రాకును. ఒకరి తువాలును మరియొకరు వాడుటచే గదిలోని నలుగురకును అంటును.

దీనికి ఉపాయములు చిన్నవి. పిండిన బట్టను పొడి తువాలుపై పరచి, రెండింటిని కలిపి చుట్టి, కాలితో త్రొక్కినచో మిగిలిన తడిలో పెద్దభాగము తువాలునకు దిగును. బట్టలను ఒకదానిపై నొకటి గాక, నడుమ గాలి ఆడునట్లు, ఫ్యానుక్రింద వ్రేలాడదీయవలయును. లోపలిబట్టలు చేతికి చల్లగ తగిలినచో ఇంకను ఆరలేదని అర్థము. ఇస్త్రీపెట్టె వేడి చూపి తొడుగుకొనవలయును. ఒకేనాడు పదునైదు బట్టలు ఉతికినవానికి వానకాలమున చోటు చాలదు. దినమునకు రెండుమూడు ఉతుకువానికి చిక్కు లేదు. తామర సోకినవాని బట్టలు వేరుగ, 60 డిగ్రీల వేడినీటికి తాళునవి ఆ నీటిలో ఉతికి, ఎండవేయవలయును. వైద్యుని చూడవలయును.

యంత్రమున్నది గదా అందురు. ఉండనిండు, యంత్రము బట్టను తిప్పును, బుద్ధిని తిప్పదు. జేబులు వెదకుట, జిప్పులు మూయుట, డోలులో పైన కొంత చోటు విడుచుట, రంగులు వేరుచేయుట మనిషి పనులే. ముందువైపు తలుపున్న యంత్రమునకు తక్కువ నురుగు పొడి వేరుగ ఉండును. బట్ట లోపల కుట్టిన చిన్నపట్టీమీది బొమ్మలు చదువుట ఒక పూటలో వచ్చును. తొట్టిలో అంకె యున్న అది నీటి వేడికి హద్దు. ఇస్త్రీపెట్టెలో ఒక చుక్క తక్కువ వేడి, రెండు మధ్యము, మూడు ఎక్కువ. ఏ బొమ్మమీద అడ్డుగీత లున్నను ఆ పని చేయరాదు. ఒక్క హెచ్చరిక మాత్రము పిల్లలచే తిరిగి చెప్పించుకొనవలయును. తెలుపుచేయు క్లోరిను ద్రవమును మరుగుదొడ్డి కడుగు యాసిడుతో ఎన్నడును కలుపరాదు. కలిపిన క్లోరిను వాయువు పుట్టును. తలుపు మూసిన స్నానపుగదిలో అది ప్రాణాపాయము. హాస్టళ్లలో ఈ రెండు సీసాలును ఒకే మూల నుండుట కద్దు.

ఎట్లు నేర్పవలయును? ఎనిమిదవ తరగతిలో లోపలిబట్టలు, మేజోళ్లు, చేతిరుమాలు స్నానపువేళనే ఉతుకుకొనుట అలవాటుచేయుడు. తొమ్మిదవ తరగతిలో బడిదుస్తులు అప్పగింపుడు. పదవ తరగతి పరీక్షల పిదప వచ్చు సెలవులు దీర్ఘమైనవి. దుప్పట్లు, రంగుబట్టలు, ఇస్త్రీ అప్పుడు. అటుపై వారి వారమంతటి బట్టలు వారివే. చదువునకు సమయము పోవునని వెరవవద్దు. నిత్యము స్నానముతోపాటు చేసిన పదినిమిషములు చాలును. వారమంతయు కూడబెట్టినవానికే పూటంతయు పోవును.

అప్పగించిన పిదప అసలు పరీక్ష తల్లిదండ్రులకు. చొక్కా మడ్డిగ ఉన్నదని, పిల్లవాడు చూడకుండ తల్లి మరల ఉతికిపెట్టును. ఆ రెండవ ఉతుకు నేర్పిన దానినంతయు కడిగివేయును. మడ్డిచొక్కాతో బడికి పోయి రానిండు. ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలిపిన వారును అర్థము చేసికొందురు. తడిసిన సోమవారము తరువాత ఆదివారము ముందే ఉతుకుట ఎవరును చెప్పకయే వచ్చును. ఇంకొక మాట తండ్రులకు. మీ చొక్కా మీరుతుకుకొనక మీ కుమారునికి చెప్పిన పాఠము నిలువదు.

ఈ పనిలో మన భాషకును ఒక లాభము కలదు. మరాఠీ మనకు అన్నముపెట్టు భాష. దానిపై ఈసు లేదు. అయినను మన పిల్లలు ధుణే, పిళణే, వాళత్ ఘాలణే అని యెరిగినంతగ ఉతుకుట, పిండుట, ఆరవేయుట ఎరుగరు. బడిలో మేము నేర్పునవి చాలవరకు నామవాచకములు. క్రియలు ఇంటిపనిలో బ్రతుకును. తడుపుట వేరు, నానవేయుట వేరు. జాడించుట వేరు, దులుపుట వేరు. ఏ వాచకములోను ‘జాడించు’ అను మాట ఇంత తేటగ బోధపడదు, ఆ పని చేయు చేతికి తప్ప. కావున నేర్పునప్పుడు తెలుగుననే నేర్పుడు.

ప్రయాణపు పెట్టెలో పచ్చళ్ల ప్రక్కన కొంత చోటు విడువుడు. పది గజముల సన్నని నైలాను త్రాడు, రెండు డజనుల పట్టుకొయ్యలు, ఒక మెత్తని కుంచె, మూత గట్టిగ బిగియు పొడిడబ్బా, సూది, దారము, నాలుగు గుండీలు. బట్టలు చాకలికొట్టుకు పోవు హాస్టలైనచో ప్రతిబట్టకు లోపలివైపు ఎర్రదారముతో రెండక్షరములు కుట్టుకొనుట మంచిది. పూర్వము చాకళ్లు గుర్తుపెట్టిన నల్లజీడిరసము చెరగదు గాని, కొందరికి ఒళ్లు పొక్కును. ఆ అక్షరములను పిల్లవానిచేతనే కుట్టింపుడు. తెలుగు అక్షరములైన మరియు మేలు, ఆ హాస్టలులో వేరొకరి బట్టతో కలియవు.